చీనీ అంటు అమ్మేటప్పుడు వేరు పేరు కూడా చెప్పండి

వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి, తిరుపతి చీనీ, నిమ్మ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యాన శాఖల అధికారులకు,

నమస్కారం.

చీనీ అంటు కొనడానికి నర్సరీకి పోయిన రైతు మామూలుగా రెండు సంగతులు అడుగుతాడు. ఇది సాత్‌గుడి రకమేనా? అంటు ఎంత? కాస్త అనుభవం ఉన్నవాడైతే వేరు మొక్కకు అతికించిన కన్ను (మొగ్గ) ఏ తోటలో తీశారని కూడా ఆరా తీస్తాడు. అడుగున ఉన్న వేరు ఏ జాతిదని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. అడిగినా "అంతా మంచిదేలే అన్నా, తీసుకుపో" అన్న జవాబే వస్తుంది.

మా ఇంట్లో జరిగిందీ అదే. ఒకే నర్సరీలో ఒకేసారి తెచ్చిన అంట్లు, ఒకే చేనులో ఒకే బోరు కింద పెరిగాయి. బోరు గుక్కలు గుక్కలుగా పోస్తున్న ఎండాకాలంలో కొన్ని చెట్లు ఆకు ముడుచుకుని ఎట్లో గట్టెక్కాయి. పక్కనున్నవి కొమ్మ కొసల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. నేల తేడా అనుకున్నాం, తెగులనుకున్నాం. తర్వాత ఎప్పుడో, అంటు కట్టు కింద నుంచి పుట్టిన పిలకల్ని తీయకుండా వదిలేసిన చెట్లకు కాయ పట్టింది. ఒకదాని పిలకకు నారింజ రంగు చిన్న కాయలు, కోస్తే పుల్లటి పులుపు. ఇంకోదాని పిలకకు తోలు గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా ఉన్న పసుపు కాయలు. మొదటిది రంగపూర్ నిమ్మ, రెండోది జంభేరి. పైన అన్నీ సాత్‌గుడి చెట్లే, కింద మాత్రం రెండు రకాల వేర్లు కలగాపులగం. తక్కిన చెట్లు ఏ వేరు మీద ఉన్నాయో ఈరోజుకీ మాకు లెక్క లేదు. కాబట్టి ఫలానా వేరు వల్లే ఫలానా చెట్లు ఎండిపోయాయని నేను అనలేను. రైతు తన తోటను చూసి తానే నేర్చుకునే దారి కూడా అక్కడే మూసుకుపోయింది. నా ఫిర్యాదు అది.

మేము అడిగేది ఇది: చీనీ, బత్తాయి, కమలా, ఏ అంటు అమ్మినా కన్ను పేరుతో పాటు వేరు పేరు కూడా రాసిన చీటీ మొక్కకు కట్టి ఉండాలి. ఆ రాతకు నర్సరీ జవాబుదారీ కావాలి. గింజ మొక్కగా నాటే బాలాజీ నిమ్మ లాంటివాటికి ఈ గొడవ లేదు, అక్కడ వేరూ చెట్టూ ఒకటే. మా గొడవంతా రెండు ప్రాణాలను ఒకటిగా కట్టి అమ్మే అంట్ల గురించి.

ఇది చిల్లర విషయంగా కనిపించవచ్చు. నేను మొక్కల జన్యుశాస్త్రం చదువుకున్నదాన్ని, పుట్టిందీ పెరిగిందీ అనంతపురం జిల్లా చీనీ తోటలో. ఈ రెంటి మధ్యా నిలబడి చూస్తే, నీళ్ళు లేనప్పుడు చెట్టు ఏం చేస్తుందన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ చీటీలోనే ఉందనిపిస్తుంది. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. మీలో చాలామందికి ఇది తెలిసిన పాఠమే. ఈ లేఖ రైతులు కూడా చదువుతారు గనుక ఓపిక పట్టండి.

ముందు చుట్టరికాలు. చీనీ అడవిలో తనంతట తాను పుట్టిన జాతి కాదు. పంపర పనస, కమలా జాతులు కలిసి పుట్టిన సంకరం. రంగపూర్ నిమ్మ, జంభేరి రెండూ కమలా, మాదీఫలం కలవగా వచ్చినవి. అంటే మన తోటలో ఒక్కో చెట్టు మూడు పాత జాతుల సొత్తు. 2018లో వెలువడిన ఒక పెద్ద డీఎన్ఏ అధ్యయనం ఈ కుటుంబం మొత్తానికీ పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదాలని తేల్చింది: అస్సాం తూర్పు భాగం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్. నెలల తరబడి వాన కురిసే కొండలవి. ఆ కొండల బిడ్డను తెచ్చి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురం గరుసు నేలలో నాటాం. అది బతుకుతోందంటేనే దాని జన్యువుల్లో ఎంతో సరంజామా దాగుందన్నమాట.

చీనీ జన్యుపటాన్ని 2013లో చైనాలోని వూహాన్ నగరపు హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ప్రచురించారు. తొమ్మిది జతల క్రోమోజోములు, వాటిలో 29 వేలకు పైగా జన్యువులు. అప్పటి నుంచి నీళ్ళు ఆపినప్పుడు వీటిలో ఏవి మేలుకుంటాయో, ఏవి పడుకుంటాయో ఒక్కొక్కటిగా చూసే వీలు కలిగింది.

కథ ఎన్‌సీఈడీ అనే జన్యువుల దగ్గర మొదలవుతుంది. మన్ను ఆరిపోయి కణాల్లో నీటి బిగువు సడలగానే ఈ జన్యువులు పని అందుకుంటాయి. వీటి నుంచి తయారయ్యే ఎంజైము కెరోటినాయిడ్ అణువును కత్తిరిస్తుంది. కెరోటినాయిడ్లంటే కాయ తోలుకు పసుపు, నారింజ రంగులనిచ్చే పదార్థాలే. ఆ తెగిన ముక్క రెండు మెట్లు దాటి అబ్సిసిక్ ఆమ్లం అవుతుంది. శాస్త్రవేత్తలు పొట్టిగా ఏబీఏ అంటారు. కరువు కబురును చెట్టంతా చాటే హార్మోను ఇది. కాయ రంగుకూ కరువుకూ సంబంధమేమిటని నవ్వకండి. స్పెయిన్‌లో పినలాటే అని ఒక చీనీ ఉంది, నావెలేట్ అనే రకం నుంచి మార్పు చెంది పుట్టింది. దానిలో కెరోటినాయిడ్ల తయారీ మధ్యలో దెబ్బతింది. పండినా కాయ నారింజ రంగు తిరగదు, పసుపుగానే ఉండిపోతుంది. దానిలో ఏబీఏ కూడా తక్కువే. కోసి పెట్టిన ఆ కాయలు మామూలు నావెలేట్ కాయల కంటే త్వరగా నీరు పోగొట్టుకుంటాయి. రంగు తగ్గిన చోటే నీటి కాపలా కూడా తగ్గింది.

ఏబీఏ తయారైతే సరిపోదు, దాన్ని అందుకునేవాళ్ళు కావాలి. పీవైఎల్ అనే ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. వీటి సంగతి 2009లో ఒక ఆవ మొక్క చుట్టంలో బయటపడింది, కొన్నాళ్ళకే చీనీలోనూ ఇవే ఉన్నాయని తేలింది. మామూలు రోజుల్లో పీపీ2సీ అనే ప్రోటీన్లు బండికి వేసిన బ్రేకుల్లాగా ఈ తంతును పట్టి ఉంచుతాయి. ఏబీఏ వచ్చి పీవైఎల్‌లో కూర్చోగానే అది పోయి పీపీ2సీని పట్టేస్తుంది. బ్రేకు వదులుతుంది. అప్పుడు ఎస్ఎన్ఆర్‌కే2 అనే ఎంజైములు పనిలోకి దిగి రెండు పనులు చేస్తాయి. ఒకటి తక్షణం జరిగేది. ఆకు రంధ్రాల కాపలా కణాల్లోంచి లవణాలను బయటికి తోయిస్తాయి, కణాలు సొట్టపడి రంధ్రం మూసుకుపోతుంది. చీనీ ఆకుకు ఈ రంధ్రాలన్నీ అడుగు వైపే ఉంటాయి. రెండోది నిదానం మీద జరిగేది. కొన్ని ప్రోటీన్లను కదిలించి కణకేంద్రకంలో జన్యువుల దగ్గరికి పంపుతాయి, అవి డీఎన్ఏ మీద తమకు గుర్తున్న చోట్ల వాలి, అప్పటిదాకా మూలనున్న జన్యువులను నడిపిస్తాయి. కణంలోపలి ప్రోటీన్లు ఎండకు ముడుచుకుపోకుండా కాపాడే డీహైడ్రిన్లు వస్తాయి. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పోగవుతుంది, దానివల్ల కణం ఆరిన మట్టిలో నుంచి కూడా నీటి చుక్కను లాక్కోగలుగుతుంది. ఎండకు లోపల పుట్టే విషపు ఆక్సిజన్‌ను చల్లార్చే ఎంజైములు పెరుగుతాయి. కణాల పొరల్లో నీటి దారులైన ఆక్వాపోరిన్లలో కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి.

ఇంతవరకూ దాదాపు మొక్కలన్నిటిలోనూ ఒకే తంతు. చీనీలో తేడా ఎక్కడొస్తుందంటే, ఈ తంతులో వేరుది ఒక జన్యుకోశం, ఆకుది ఇంకో జన్యుకోశం. మాట పంపేవాడు కమలా, మాదీఫలాల బిడ్డ, వినేవాడు పంపర పనస, కమలాల బిడ్డ. పంపేవాడు మారితే వినేవాడి తీరు కూడా మారుతుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి రుజువు 2013లో యూరప్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగం. రంగపూర్ నిమ్మకు మామూలుగా 18 క్రోమోజోములు. కొన్ని గింజ మొక్కల్లో అవి తమంతట తామే రెట్టింపై 36 అవుతాయి. అదే జాతి, అవే జన్యువులు, కాకపోతే మోతాదు రెండింతలు. ఈ రెండు రకాల రంగపూర్ వేర్ల మీద ఒకే వాలెన్సియా చీనీ కన్ను కట్టి నీళ్ళు ఆపారు. రెట్టింపు క్రోమోజోముల వేరు మీదున్న చెట్లు కరువును మెరుగ్గా తట్టుకున్నాయి. ఎందుకని తవ్వి చూస్తే, ఆ వేర్లలో ఎన్‌సీఈడీ జన్యువు నీళ్ళున్నప్పుడు కూడా ఎక్కువగానే పనిచేస్తోంది, ఏబీఏ ముందునుంచే ఎక్కువ నిల్వ ఉంది.  అసలు తేడా వేర్లలోనే దొరికింది.

వేరు ఒక్కటే సర్వస్వమని కూడా నేననను. 2015లో స్పెయిన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపించారు. కరువు సాగేకొద్దీ వేరులో పోగయ్యే ఏబీఏలో చాలా భాగం ఆకుల నుంచి కిందికి దిగి వచ్చేదేనని. ఎండిన వేరు ఎంతకాలమని సొంతంగా తయారుచేసుకుంటుంది? కాబట్టి కబురు పైకీ కిందికీ రెండు వైపులా తిరుగుతుంది. ఈ రాకపోకల్లో వేరు, కన్ను జోడీ కుదిరిందా లేదా అన్నదే ప్రశ్న. జోడీ పేరు తెలియకపోతే ఆ ప్రశ్న వేయడానికే ఉండదు.

ఇంకొక సంగతి చెబితే మా వైపు రైతులు వెంటనే గుర్తుపడతారు. బెట్టకొచ్చిన చెట్టు ఆకు వాడినా రాల్చకుండా నిలబెట్టుకుంటుంది. నీళ్ళు కట్టిన తర్వాతో, ఒక మంచి వాన పడిన తర్వాతో జలజలా ఆకు రాలుస్తుంది. "నీళ్ళు పెట్టి చెట్టు చెడగొట్టుకున్నాం" అని మా నాయన తలపట్టుకునేవాడు. 1990ల్లో స్పెయిన్‌లో క్లియోపాత్రా కమలా మొక్కల మీద ఈ గుట్టు విప్పారు. కరువులో వేరులో ముందు ఏబీఏ పోగవుతుంది. దాని వెనకే ఏసీసీ అనే పదార్థం పోగవుతుంది. నీళ్ళు లేవు గనుక అది పైకి ఎక్కలేక వేరులోనే ఉండిపోతుంది. నీళ్ళు పెట్టగానే ఆ నీటితో పాటే ఆకుకు చేరి, అక్కడ ఇథిలీన్‌గా మారుతుంది. కాయలు మగ్గించేది ఆ ఇథిలీనే, ఆకు తొడిమను కోసేదీ అదే. వేరులో ఏబీఏ పోగవకుండా అడ్డుకుంటే ఆకు రాలడం కూడా తగ్గింది. మా నాయన చూసింది నిజమే, కారణం మాత్రం ఆ రోజు పెట్టిన నీళ్ళు కాదు, అంతకు ముందు వారాల్లో వేరు కూడబెట్టుకున్న సరుకు. ఎంత కూడబెట్టుకుంటుందన్నది ఏ వేరన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇక వాడబెట్టడం. ఉత్తరాది తోటల్లో, మధ్యధరా దేశాల్లో చలి పడితే చీనీకి మొగ్గ కడుతుంది. మనకు అంత చలి లేదు గనుక ఆ పని ఎండు చేత చేయిస్తాం. కార్తీకం దాటాక నీళ్ళు ఆపి, పాదులు తవ్వి ఆరబెట్టి, సంక్రాంతి అటూ ఇటూగా మళ్ళీ నీళ్ళు వదిలితే ఒక్కసారిగా పూత విరుచుకుపడుతుంది. తాతల నాటి ఈ పద్ధతి కూడా జన్యువులతో ఆడే ఆటే. ఎఫ్‌టీ అనే జన్యువు ఆకులో పనిచేసి ఒక ప్రోటీన్ చేస్తుంది. అది మొగ్గకు చేరి "ఇక చిగురు కాదు, పువ్వు" అని చెబుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన చికా, అల్బ్రిగో 2013లో చీనీ మొక్కలకు నీళ్ళు ఆపి చూస్తే ఈ ఎఫ్‌టీ పని పెరిగింది. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. పూత కబురు తయారయ్యేది ఆకులో. వాడబెట్టడం మితిమీరి ఆకు రాలిపోతే కబురు పంపే చేయి కూడా పోయినట్టే. ఎన్ని వారాలు ఆపాలి అని రైతు అడిగితే మనం నేలను బట్టి జవాబు చెబుతున్నాం: ఎర్ర నేలకు ఇన్ని, నల్లరేగడికి అన్ని అని. వేరును బట్టి కూడా చెప్పాలి కదా? జంభేరి, రంగపూర్, ట్రాయర్ లాంటి సిట్రేంజులు (చీనీకీ మూడాకుల నారింజకీ పుట్టిన సంకర వేర్లు) ఒకే నేలలో ఒకే రోజున వాడిపోవు. ఏ వేరుకు ఎన్ని రోజులన్న పట్టిక మీ దగ్గర ఉంటే తెలుగులో అచ్చువేయండి. అలాంటి పరీక్ష ఇంకా జరగకపోయి ఉంటే మా చేన్లు ఉన్నాయి.

పరిశోధకులు "కరువును తట్టుకుంది" అన్నప్పుడల్లా రైతుగా నేనొక ప్రశ్న వేస్తాను. కాయ సైజు ఎంత? రంధ్రం మూసుకుంటే నీరు ఆదా అవుతుంది, నిజమే. దాంతో పాటే బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడం ఆగి, చక్కెర తయారీ ఆగి, కాయ గోలీకాయలా ఉండిపోతుంది. చెట్టు బతికింది, రైతు మునిగాడు. ఏబీఏ అతిగా చేసే వేరు ఈ ప్రమాదం తెస్తుంది. జంభేరి మీద చెట్టు ఏపుగా పెరుగుతుంది, కాయలో రుచి పలచబడుతుందన్నది పాత అనుభవం. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీటిలో ఉప్పు పెరుగుతున్న చోట రంగపూర్ మేలు, క్లోరైడును పైకి ఎక్కకుండా చాలావరకూ ఆపుతుంది. ఏ వేరూ అన్నిటికీ మందు కాదు. కాబట్టి వేరు పేరు చెప్పి ఊరుకోకుండా, ఆ వేరు మీద నీళ్ళు తగ్గినప్పుడు ఎకరాకు ఎంత కాయ వచ్చిందో, సైజు ఎంతో కూడా చెప్పండి. చెట్టు బతికింది అన్న ఒక్క వాక్యం మార్కెట్ యార్డులో చెల్లదు.

రంగపూర్ మంచిదని తేలితే మొత్తం దాని మీదకే పోదామా అంటే, బ్రెజిల్ కథ చూడాలి. సావో పాలో రాష్ట్రంలో దశాబ్దాల పాటు చీనీ తోటల్లో అత్యధికం రంగపూర్ మీదే నిలబడ్డాయి. అక్కడ దాని పేరు క్రావో. నీళ్ళు కట్టనక్కర్లేకుండా వానకే పండేది గనుక రైతు వదల్లేదు. ఈ శతాబ్దం మొదట్లో సడన్ డెత్ అనే రోగం వచ్చి, రంగపూర్ మీదున్న చెట్లను నిలువునా ఎండగొట్టింది. వేరే జాతి వేరు మొక్కలను పాత చెట్ల పక్కనే నాటి, మొదలుకు అతికించి కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ కొత్త వేర్లు రోగాన్ని తట్టుకున్నాయి, బెట్టను అంతగా తట్టుకోలేదు. నీటి పారుదల ఖర్చు నెత్తిన పడింది. మాకు ఒకే ఒక్క వేరును అంటగట్టవద్దు, రెండు మూడు వేర్లను పేర్లతో సహా మా ముందు పెట్టండి, ఎంచుకునే పని మాకు వదలండి.

ఆ బ్రెజిల్లోనే 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం నర్సరీలకు సంబంధించినది. వాలెన్సియా చీనీని క్రావో మీద, సుంకి కమలా మీద కట్టి, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ నీళ్ళు ఆపి చూశారు. దెబ్బ తిని లేచిన మొక్కల్లో హార్మోన్ల మోతాదులూ మారాయి, డీఎన్ఏ మీద ఉండే మిథైల్ గుర్తులూ మారాయి. జన్యువు అక్షరం మారలేదు, దాని మీద పెట్టిన గుర్తు మారింది. వేరును బట్టి ఆ మార్పు తీరు కూడా మారింది. మొక్క ముందటి కరువును గుర్తు పెట్టుకుంటుందనుకోవడానికి ఇదొక ఆధారం. దీన్నిబట్టి రేపే నర్సరీల్లో మొక్కలను మాడ్చమని నేను అనను. కానీ షేడ్‌నెట్ కింద పూటపూటా నీళ్ళు తాగి పెరిగిన అంటును తెచ్చి నేరుగా గరుసు నేలలో పెడితే అది ఏం గుర్తు పెట్టుకుని వస్తుందన్నది పరీక్షించాల్సిన సంగతే కదా.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఒక చిన్న పని చెబుతాను, ఖర్చు పెద్దగా లేనిది. చీనీ జాతుల గింజల్లో ఒక వింత ఉంది. ఒక్క గింజలో రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లి చెట్టుకు నకళ్ళు. వేరు మొక్కలు గింజతో పెంచినా ఒకే తీరుగా రావడానికి ఇదే కారణం. ఆ నకళ్ళలోనే అప్పుడప్పుడూ క్రోమోజోములు రెట్టింపైనవి పుడతాయి. పైన చెప్పిన 36 క్రోమోజోముల రంగపూర్ అలా వచ్చినదే, ఎవరూ ప్రయోగశాలలో కత్తీ సూదీ పెట్టి చేయలేదు. నారుమడిలో వాటిని కంటితో పసిగట్టవచ్చు. పక్కవాటి కంటే పొట్టిగా, నిదానంగా పెరుగుతాయి. ఆకు మందంగా, వెడల్పుగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. మా వైపు నర్సరీల్లో ఇలాంటివాటిని గిడసబారిన మొక్కలని పీకి గట్టున పారేస్తారు. బంగారాన్ని చెత్తలో వేస్తున్నారని అనను, పీకినవాటిలో నిజంగానే పనికిరానివే ఎక్కువ ఉండొచ్చు. కానీ పారేసే ముందు ఒక ఆకు ముక్క తీసి, కణంలోని డీఎన్ఏ మోతాదు కొలిచే ఫ్లో సైటోమీటర్లో పెడితే క్రోమోజోములు రెట్టింపయ్యాయో లేదో వెంటనే తేలిపోతుంది. రంగపూర్, జంభేరి నారుమళ్ళు వేసే నర్సరీలతో మాట్లాడి, అలాంటి మొక్కలను విశ్వవిద్యాలయానికి పంపే ఏర్పాటు చేయండి. మన నేలలో, మన సాత్‌గుడి కన్నుతో, మన ఎండలో వాటి బలమెంతో చూడండి. రెట్టింపు వేరు మీద చెట్టు పొట్టిగా ఉంటుందంటారు, దగ్గర దగ్గరగా నాటుకోవాలనుకునే వాళ్ళకు అది కూడా కలిసొచ్చేదే కావచ్చు.

జన్యు సవరణ గురించి కూడా అడుగుతారు గనుక రెండు మాటలు. బయటి జన్యువు చేర్చకుండా ఉన్న జన్యువునే సవరించిన మొక్కలకు కేంద్రం 2022 మార్చిలో కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో రెండు సవరించిన వరి వంగడాలను ప్రకటించారు. రెండింటి మూలాలూ మనవే: ఒకటి మన సాంబ మసూరి నుంచి, ఇంకోటి మన మారుటేరు ఎంటీయూ 1010 నుంచి. రెండోదానిలో సవరించిన డీఎస్‌టీ అనే జన్యువు ఆకు రంధ్రాలకూ, బెట్ట, చౌడు తట్టుకోవడానికీ సంబంధించినదే. చీనీలోనూ సవరణ సాధ్యమేనని గజ్జి తెగులు మీద పని చేసినవాళ్ళు నిరూపించారు. కానీ వరికి మూడు, నాలుగు నెలల్లో గింజ వస్తుంది. చీనీ గింజ మొక్క పూతకు రావడానికే ఏళ్ళు పడుతుంది, తోటలో దాని గుణం తేలడానికి ఇంకా ఏళ్ళు. అది చేయొద్దని కాదు, చేయండి. అది వచ్చేదాకా వేరు పేరు రాసే పని ఆపొద్దని మాత్రమే అంటున్నాను.

చట్టం లేక కాదు. ఉద్యాన నర్సరీల నమోదు కోసం 2010లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. రోగాలు లేని మొక్కల కోసం 2024 ఆగస్టులో కేంద్రం 1,765 కోట్ల రూపాయలతో క్లీన్ ప్లాంట్ కార్యక్రమానికి ఒప్పుకుంది, దేశంలో తొమ్మిది కేంద్రాలన్నారు. వైరస్ లేని మొక్క కావాల్సిందే, ట్రిస్టెజా వైరస్‌తో తోటలు పోగొట్టుకున్న మాకు ఆ విలువ తెలుసు. ఆ పరీక్ష ఎలాగూ చేస్తారు కదా, అదే ఆకు ముక్కతో, అదే వేరు ముక్కతో డీఎన్ఏ గుర్తులు చూసి, ఇది రంగపూరే, ఇది జంభేరే అని కూడా తేల్చండి. ముందు గింజ తీసే తల్లి చెట్లకు చేయండి, అవి వేలల్లో ఉండవు. తర్వాత నర్సరీల నుంచి మచ్చుకు కొన్ని మొక్కలు తీసి చూస్తే కల్తీ ఎంతో బయటపడుతుంది. నర్సరీ పెట్టుకున్న చిన్నవాళ్ళ పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. వాళ్ళలో చాలామందికి కూడా గింజ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తెలిసిన తల్లి చెట్ల గింజను మీరే సరఫరా చేస్తే వాళ్ళకూ భయం పోతుంది.

చీటీ ఎలా ఉండాలంటారా, ఎండకూ వానకూ చెరగని రేకు ముక్క చాలు. కన్ను రకం, కన్ను తీసిన తోట, వేరు రకం, గింజ తీసిన తల్లి చెట్టు నంబరు, కట్టిన నెల, నర్సరీ రిజిస్ట్రేషన్ నంబరు. అంటు కట్టు పైకి కనిపించేలా నాటమని, కట్టు కింద పిలకలను తుంచేయమని వెనకవైపు తెలుగులో రెండు వాక్యాలు. ఇప్పటికే పెరిగిన తోటలకైతే, ఒకట్రెండు చెట్లకు పిలక ఉంచి ఆకు పంపితే ఏ వేరో చెప్పే సదుపాయం కల్పించండి, పరీక్షకు అయ్యే ఖర్చు మేము పెట్టుకుంటాం. నార్పల, తాడిపత్రి, ఎల్లనూరు వైపు ఇలాంటి తోటలు చూపించడానికి రైతులు సిద్ధంగా ఉన్నారు. నల్లగొండ బత్తాయి రైతులతోనూ మాట్లాడుతున్నాం. వచ్చే వానాకాలం నాట్లకు ముందు ఒక రోజు చెప్పండి, తిరుపతికి రమ్మంటే వస్తాం, మా తోటలకు మీరొస్తే ఇంకా మంచిది, కట్టు కింద నేలను తవ్వి వేరును మీకే చూపిస్తాం.

ఇట్లు,
అనంతపురం జిల్లా చీనీ రైతు బిడ్డ